వంకాయరంగు గిలకలు

పోగు మళ్ళీ తెగింది.

ఒక్క పోగైతే నాగేంద్రమ్మ పట్టించుకునేది కాదు. మగ్గం అన్నాక పోగు తెగుతుంది, అతికి ముందుకు పోవడమే. ఇప్పుడు తెగినవి పక్కపక్కనే ఐదారు, అదీ పడుగు నట్టనడుమ. ఆమె పేక నూలును అటూ ఇటూ మోసే నాడెను ఆపి, మగ్గం గుంటలోంచి సగం లేచి ముందుకు వంగి, వేలాడుతున్న కొసలను ఏరింది. బొటనవేలికి ఇంత బూడిద అద్దుకుని ఒక కొసకు కొత్త నూలుముక్క కలిపి మెలిపెట్టింది. మెలి బాగానే పడింది. బిగువు చూద్దామని చిన్నగా లాగితే, అతుకు దగ్గర కాక, దానికి బెత్తెడు అవతల పుటుక్కుమంది.

పక్కన కూర్చుని అంచు నాడె వేసే ఉమ చెయ్యి ఆపి చూస్తోంది. గద్వాల చీర ఒక్కరి చేతిలో అయ్యేది కాదు. నడుమ నూలు ఒళ్ళు నాగేంద్రమ్మ నేస్తుంటే పక్కన పట్టు అంచుకు ఉమ పేక అందిస్తుంది. రెండు పేకలూ ఒకదాన్నొకటి చుట్టుకుని వెనక్కి తిరిగేచోట ఇద్దరి చేతులకూ ఒకే లెక్క తెలిసుండాలి. ఉమ పక్కింటి కోడలు. పెళ్ళై ఈ గేరికి, ఈ సాలెల వీధికి వచ్చినప్పుడు ఆ పిల్లకు నాడె పట్టడం కూడా రాదు. నేర్పింది నాగేంద్రమ్మే. వాళ్ళింటి మగ్గానికి కొత్త పడుగు ఇంకా రాలేదు కాబట్టి ఇప్పుడు ఇక్కడ కూర్చుంటోంది.

"అత్తా, జరసేపు లేసి నీళ్ళు తాగిరా. నేను అతుకుత."

"ఏం, నా చేతులు పడిపోయినయా?"

అనేసింది గానీ, అన్నాక చేతులవంక చూసుకోకుండా ఉండలేకపోయింది. వేళ్ళు వణుకుతున్నట్టేమీ లేవు. అయినా కొన్నాళ్ళుగా ఇదే వరస. పొద్దున కూర్చోగానే కొంత మేర పోగులు పటపటా తెగుతాయి. అవన్నీ అతికి ముందుకు జరిగితే ఆపైన పొద్దుగూకేదాకా ఏ గొడవా ఉండదు. మొదట నూలును తిట్టింది, తరువాత గంజిని తిట్టింది, ఆషాఢపు ముసురును తిట్టింది. తిట్టడానికి ఇంకేమీ మిగలక ఇప్పుడు తన చేతుల దగ్గరికి వచ్చింది.

గోడకు అవతల, వెనక వసారాలో ఆమె మొగుడు నాగప్ప ఈల వేస్తున్నాడు. మోకాళ్ళు అరిగి మగ్గం గుంటలోకి దిగలేకపోయిన నాటినుంచి మూలన కూర్చుని గోడలు చూసిన మనిషి ఈల వేయడమంటే ఆ ఇంటికి పండగే. అతన్ని మూలలోంచి లేపినవి గిలకలు. కాలితో చెక్క తొక్కినప్పుడల్లా మగ్గం పైన, చీరకు పూలు తెచ్చే జకార్డు పెట్టెను లేపే తాడు ఒక గిలక మీదుగా తిరుగుతుంది. పాత కర్ర గిలక అరిగి తాడు పట్టేస్తుంటే, తొక్కీ తొక్కీ నాగేంద్రమ్మ నడుము పట్టేస్తుంటే, నాగప్ప ఒక అల్యూమినియం కడ్డీ ముక్క తెచ్చాడు. డ్రిల్లు మిషన్‌ను చెక్కకు బిగించి, దానిమీద ఆ ముక్కను తిప్పుతూ ఆకురాయితో అరగదీసి గిలక చేశాడు. తాడు హాయిగా జారింది. కానీ ఉత్త అల్యూమినియం తాడు రాపిడికి నల్లటి పొడి రాల్చి, కింద తెల్లటి పడుగును మసి చేసింది. అప్పుడతను ఫోనులో చూసి చూసి, దానిమీద గట్టి పొర పుట్టించే విద్య ఒకటి పట్టాడు.

ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు కలిపిన బ్యాటరీ ఆసిడ్. రెండు పక్కలా పాత బ్యాటరీలోంచి తీసిన సీసం రేకులు. నడుమ అల్యూమినియం తీగకు వేలాడదీసిన గిలకలు. బ్యాటరీ చార్జర్ వైర్లు తగిలించగానే తొట్టిలో సన్నగా బుడగలు లేస్తాయి. గంటసేపు అలా ఉంచి, తీసి, పక్కనున్న బకెట్టు నీళ్ళలో జాడించి, పట్టుకు అద్దే రంగులోనే ముంచుతాడు. కొత్తగా పుట్టిన పొర ఆ రంగును పట్టు తాగినట్టే తాగుతుంది. తరువాత మరిగే నీళ్ళలో వేస్తే రంగు లోపలే ఉండిపోతుంది, గోరుతో గీకినా రాదు. మొదటి గిలకను చీర అంచుకు అద్దగా మిగిలిన వంకాయరంగులో ముంచి పెళ్ళాం మగ్గానికి బిగించాడు. దాన్ని చూసిపోయిన ప్రతివాడూ మాకూ ఒకటి కావాలన్నాడు. వచ్చే వారంనుంచి ఇంటింటికీ పోయి బిగించి రావాలి. ఆ సంబరంలో అతనికి ఆకలి కూడా తెలియడం లేదు.

దీపాలు పెట్టే వేళకు అతను పని కట్టేసి, గిలకలు జాడించిన ఆ బకెట్టులోనే చేతులు కడుక్కుని, భుజం మీది తువ్వాలుతో తుడుచుకుంటూ మగ్గం దగ్గరికి వచ్చాడు. నల్లా దినం విడిచి దినం వస్తుంది, బకెట్టు నీళ్ళు మార్చడమంటే మాటలా? మొదట్లో నాగేంద్రమ్మ, "ఆసిడ్ చేతులు గద, మంచిగ కడుక్కో" అని ఒకటి రెండుసార్లు అంది. "కడిగిన. ఆసిడైతే మండదా ఏంది? ఉత్త నీళ్ళే," అన్నాడు. మండకపోతే ఆసిడ్ లేనట్టే గదా అని ఆమె కూడా అనుకుంది.

నేతగాడు పడుగు బిగువును కంటితో చూడడు. అరచెయ్యి ఆనించి మెల్లగా నిమిరి చూస్తాడు. గుంటలోకి దిగలేని నాగప్పకు నేతలో మిగిలిందల్లా ఆ నిమరడమే. మర్నాడు పొద్దున నేతకు వచ్చే మేర మీద, పడుగు నట్టనడుమ, పసిబిడ్డ వీపు నిమిరినట్టు ఒకసారి చెయ్యి పోనిచ్చి, "మంచిగున్నది," అనందే అతనికి ముద్ద దిగదు. ఆ పూట కూడా అలాగే అన్నాడు.

"మంచిగుంటే ఎందుకు తెగుతుంది మరి?" అంది నాగేంద్రమ్మ.

"నువ్వు ఊకె పరేషానైతవు. పరేషాన్ల చెయ్యి గట్టిగ పడుతది. గంతే."

*

వనపర్తిలో పాతసామాను దుకాణానికి మంచి కడ్డీలు వచ్చాయని తెలిసి మర్నాడు నాగప్ప బస్సెక్కాడు. రాత్రికి అక్కడే చెల్లెలింట్లో ఉండిపోయాడు.

ఆ తెల్లవారి నాగేంద్రమ్మ భయపడుతూనే గుంటలోకి దిగింది. చెక్క తొక్కింది. గిలక సద్దు లేకుండా తిరిగింది. నాడె ఇటునుంచి అటు పోయింది, ఉమ నాడె దానికి ఎదురొచ్చింది, రెండు పేకలూ చుట్టుకుని విడిపోయాయి. తెగుతుందని చూసిన చోట తెగలేదు. ఆపై జానెడూ తెగలేదు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు, మాట్లాడితే ఎక్కడ తెగుతుందోనని. ఎండ గడపలోకి వచ్చే సరికి ఉమ పట్టలేక నవ్వేసింది.

"ఒక్కటి తెగలే అత్తా!"

"నా చేతులు నాకొచ్చినయే ఉమా," అంది నాగేంద్రమ్మ. కళ్ళు తుడుచుకుంది కూడా. ఇంత చిన్నదానికి కన్నీళ్ళేమిటని ఎవరైనా అనుకోవచ్చు. మగ్గం మీదనుంచి దించేసిన ఆడమనిషికి ఆ గేరిలో మిగిలేది రాట్నం ముందు కూర్చుని ఇంకొకరి నాడెకు కండెలు చుట్టడం. నిన్నటిదాకా చీర నేసిన మనిషిని రేపటినుంచి ముసలామె అంటారు. చాలా రోజులుగా పట్టుకున్న ఆ భయం ఆ పూట ఆమెను వదిలింది.

సాయంత్రం నాగప్ప కడ్డీల సంచితో వచ్చాడు. రాగానే బకెట్టులో తాను వదిలిపోయిన గిలకలను తీసి తిప్పి చూసుకుని, చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. నాగేంద్రమ్మ జొన్నరొట్టె కాలుస్తూ పొయ్యి దగ్గరనుంచే చెప్పింది, ఇవాళ ఒక్క పోగు తెగలేదని. ఆ ముఖంలో వెలుగు చూసి అతనికీ సంతోషం పొంగింది.

"నేను చెప్పలే? పడుగుల ఏం లేదు," అంటూ మగ్గం దగ్గరికి పోయి, ఆ పూట రెండు చేతులతో నిమిరాడు.

*

సావుకారి బుచ్చన్న వచ్చింది ఆ మర్నాడే. పట్టూ నూలూ ఇచ్చి చీరలు నేయించుకునే మనిషి. చెడ్డవాడని ఎవరూ అనరు, వదినా అనందే పిలవడు. కానీ చీర చూసేటప్పుడు అతనికి వదినలుండరు.

అతను గడపలో చెప్పులు విడిచే సరికి నాగేంద్రమ్మ తల వంచుకుని అతుకులు వేస్తోంది. పొద్దుటినుంచి నాడె పది విసుర్లు పోలేదు. ఎన్నడూ లేనంత వెడల్పున పోగులు రాలినట్టు తెగుతున్నాయి. ఉమ ఇటువైపు చేరి తనూ అతుకుతోంది. అంచు పట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

బుచ్చన్న నేసిన మేరను వెలుతురుకు పట్టి చూశాడు. అతుకులన్నీ గోధుమపిండిలో రవ్వలా చేతికి తగిలాయి.

"ఏంది వదినా ఇది? ఎన్నడు లేంది."

"ఏందో ఏమో అన్నా, గిట్లనే తెగవట్టె. నిన్న మంచిగ నడిచింది. ఉమను అడుగు."

"నిన్న మంచిగ నడిచింది ఇయ్యాల ఎట్ల చెడిపోతది?" అని, వసారా వైపు తిరిగి కేకేశాడు. "నాగప్పన్నా, జర ఇటు రా. నీ చేతికి తెల్వనిది ఏముంది, నువ్వే చెప్పు."

నాగప్ప తువ్వాలుకు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అతని చేతిమాట అంటే ఆ గేరిలో ఇప్పటికీ విలువే. మగ్గం వెనక్కి పోయి, చుట్టి ఉన్న పడుగులోంచి ఒక పోగు పైకి తీసి వేళ్ళ మధ్య బిగించి లాగాడు. తెగలేదు. ఇంకొకటి లాగాడు. అదీ తెగలేదు. అబద్ధం చెప్పే మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు.

"పడుగుల దోషం లేదు, బుచ్చన్నా."

"మరి?"

నాగప్ప పెళ్ళాం వైపు చూడలేదు. తువ్వాలు ఒక భుజం మీదినుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"దాని చేతులు మొదటి లెక్క లేవు."

మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి నిలబడ్డవాళ్ళ కాళ్ళే కనిపిస్తాయి. నాగేంద్రమ్మకు మొగుడి కాళ్ళు కనిపించాయి, బుచ్చన్న కాళ్ళు కనిపించాయి. ఎవరో ఒకరు కదులుతారని చూసింది. పరాయివాడు అంటే పడేది, అత్త అంటే పడేది. పక్కలో పడుకునే మనిషి, తన నేత చూసి చేసుకున్నానని ఒకప్పుడు పదిమందిలో చెప్పుకున్న మనిషి అనే సరికి ఆమె తన చేతులను ఒళ్ళోకి లాక్కుంది. నిజమే కాబోలు అనుకుంది.

"శ్రావణం ముంగట చీర ఆగితె నడవదు వదినా," అన్నాడు బుచ్చన్న, గొంతు తగ్గించి. "ఈ పడుగు ఉమ వాళ్ళ మగ్గానికి ఎక్కిస్త. నువ్వు వాళ్ళకు కండెలు చుట్టు. కూసోని చేసే పని. ఇంక ఎన్నాళ్ళని తొక్కుతవు?"

ఉమ ఏదో అనబోయింది. నాగేంద్రమ్మ నాడెను తీసి, పేక కొస దానికి చుట్టి, ఉమ ఒళ్ళో పెట్టింది.

*

మర్నాడు పొద్దున్నే ఉమ, ఆమె మొగుడు రంజిత్ వచ్చి పడుగు కోశారు. తెగే మేరను మగ్గానికే వదిలేసి, వెనకాల గట్టిగా ఉన్నచోట కత్తెర పెట్టాడు రంజిత్. చుట్టను భుజాన వేసుకుని పోతుంటే ఉమ వెనక్కి తిరిగి చూడలేకపోయింది. మూరెడు పడుగు మాత్రం మగ్గానికి తలలేని జడలా వేలాడుతూ మిగిలింది.

నాగేంద్రమ్మ ఆ మూరెడు ముక్కను ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. ఊరికే పోగులు దువ్వుతుంటే వేళ్ళకు తెలిసింది. కొసన గట్టిగా ఉన్న నూలు నడుమకు వచ్చే సరికి పిండి అవుతోంది. అవతల మళ్ళీ గట్టిదే. పక్కనే ఉన్న పట్టు పోగులు ఈ చివరనుంచి ఆ చివరకు ఉక్కులా ఉన్నాయి. చేతులు చెడిపోయినవాళ్ళు తెంపితే పట్టును వదిలి నూలునే తెంపుతారా? తెంపినా ఒక్క బెత్తెడు మేరనే తెంపుతారా?

పిండి అయిన చోట అరచెయ్యి ఆనించి చూసింది. ఆమె చెయ్యికంటే ఆ మేర పెద్దది. అది ఎవరి చెయ్యో ఆమెకు చూడకుండానే తెలుసు.

నాగప్ప స్నానానికి పోయాడు. ఆమె వసారాలోకి పోయి, దండెం మీది తువ్వాలు తీసి లాగింది. చేతులు తుడుచుకునే కొంగు జల్లెడలా చిరిగివచ్చింది. ఎలుకలు కొట్టాయనుకుని ఈమధ్యే దానికి కుట్లు కూడా వేసింది. బకెట్టులో చెయ్యి పెట్టింది. మండలేదు. ఉత్త నీళ్ళలాగే ఉన్నాయి. నాలుగు పోగుల నూలు చిలప, అంతే పట్టు చిలప ఆ నీళ్ళలో ముంచి, పిండి, పొయ్యి పక్కన వేడి పెనం మీద ఆరబెట్టింది. పట్టు పట్టులాగే ఆరింది. నూలు తడి ఆరుతున్నకొద్దీ గోధుమరంగుకు తిరిగి, ముట్టుకోగానే పొడి అయింది.

ఆ రెండింటినీ తీసుకువచ్చి అతని డ్రిల్లు చెక్క మీద పెట్టింది. అతను తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

"నీ బకెట్టు నీళ్ళే," అంది. "ముంచి ఆరబెట్టిన."

అతనికి ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి రంగుల తొట్ల మధ్య పెరిగిన మనిషి. పట్టుకు పులుపు, అంటే ఆసిడ్, వేసి రంగు పట్టిస్తారు, ఆ పులుపును నూలు దగ్గరికి రానివ్వరు. ఈ సంగతి సాలెవాళ్ళింట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అతనికి తెలియదని కాదు. మండకపోతే నీళ్ళే అనుకున్నాడు, మండనంత పలచటి ఆసిడ్ కూడా ఆరేకొద్దీ చిక్కబడి నూలును తింటుందని తట్టలేదు. నూలు పొడిని వేలితో తాకి, ఆ వేలిని చూసుకుని, రెండు చేతులనూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాలిలోనే ఉంచాడు.

"నేనే," అన్నాడు చివరికి. "దినాం నిమిరి నిమిరి నేనే తగలబెట్టిన."

దండెం మీది చొక్కా తీసి తొడుక్కున్నాడు. "బుచ్చన్నకు చెప్పొస్త. నీ చేతులు మంచిగనే ఉన్నయి, తప్పు నాదని చెప్పొస్త."

ఆ మాట కోసమే ఆమె చెవులు కాచుకుని ఉన్నాయి. విన్నాక గుండె చల్లబడాలి. కానీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్న అతని వేళ్ళు చూస్తే భయం వేసింది. ఈ సంగతి బయటపడితే గేరిలో ఏ ఇంట్లోనూ అతన్ని మగ్గం దరిదాపులకు రానివ్వరు. ఈ గిలకలు ఇంకెవరూ అడగరు. మళ్ళీ ఆ మూల, ఆ గోడ.

"వద్దు," అంది. "పోకు. చెప్తే నిన్ను ఏ ఇంట్లకు రానియ్యరు."

నాగప్ప గడప దగ్గర ఆగాడు.

రానియ్యకపోతే మానె అంటాడని చూసింది. కనీసం ఇంకొక్కసారి, పోయొస్తనే, అంటాడని చూసింది. అంటే ఆమె మళ్ళీ వద్దనేది, అతను వినకుండా పోయేవాడు. మనసులో ఆమె అప్పటికే అతన్ని పంపించేసింది.

నాగప్ప చొక్కా విప్పి దండెం మీద వేశాడు. చెక్క ముందు కూర్చుని, సగంలో ఉన్న గిలకను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. చాలాసేపటికి ఆకురాయి చప్పుడు మొదలైంది.

*

ఉమ వాళ్ళ మగ్గం చప్పుడు గోడకు ఇవతలికి బాగా వినిపిస్తుంది. నాగేంద్రమ్మ రాట్నం తిప్పుతూ వింటుంది. తొక్కుడు, నాడె, దెబ్బ. తొక్కుడు, నాడె, దెబ్బ. పోగు తెగితే మధ్యలో చప్పుడు ఆగాలి. ఆగదు.

నాగప్ప ఇప్పుడు బకెట్టు నీళ్ళు రోజూ పారబోస్తున్నాడు. చేతులు వంటసోడాతో రుద్ది, మంచినీళ్ళతో కడిగి, ఇద్దరికీ చెరొక తువ్వాలు వేరు పెట్టాడు. గిలకలు ఎర్రవి, పచ్చవి, వంకాయరంగువి వరసగా తీగకు వేలాడుతుంటే చూడ ముచ్చటగా ఉంటాయి. ఒకరోజు గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఉమ వాళ్ళ గిలక పట్టేస్తుందట. కొత్తవన్ని ముంగట చెప్పినోళ్ళవాయె. నీ మగ్గం మీదిది ఉత్తగనే ఉన్నది గద..."

"తీస్కపో," అంది, తల ఎత్తకుండా.

అతను మోకాళ్ళు పట్టుకుంటూనే బల్ల ఎక్కి, అంత జాగ్రత్తగా విప్పి, తువ్వాలులో చుట్టుకుని పక్కింటికి పోయాడు. కాసేపటికి ఉమ గొంతు వినిపించింది. "మామా, జర పడుగు చూసి పో." తరువాత అతని గొంతు. "మంచిగున్నది."

కండెలు ఇచ్చి రావడానికి నాగేంద్రమ్మ వెళ్ళేసరికి బుచ్చన్న కూడా అక్కడే ఉన్నాడు. చీర ఒళ్ళును వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. ఒక్క అతుకు లేదు. ముఖం విప్పారింది.

"చూసినవా వదినా," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, ఓదార్పుగానే అన్నాడు. "అదే నూలు, అదే పడుగు. పడుగుల దోషం ఉంటే ఈడ గూడ తెగాలె గద. నాగప్పన్న చెప్పింది చెప్పినట్టే అయింది. నువ్వేం మనసుకు పెట్టుకోకు. వయసు ఎవరినీ ఇడిచిపెట్టదు."

రంజిత్ మగ్గంలో తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు. ఉమ నాగేంద్రమ్మ వైపు జాలిగా చూసింది. అంతకుముందు ఆ పిల్లకు ఏదో అనుమానం ఉండేది, అదీ పోయినట్టుంది. నాగప్ప మగ్గం వెనక నిలబడి గిలక సరిగా కూర్చుందా లేదా అని పైకి చూస్తున్నాడు. ఇక్కడైనా ఒక్క మాట అంటాడేమోనని నాగేంద్రమ్మకు మళ్ళీ ఆశ పుట్టింది. సిగ్గులేని ఆశ. అతను పైకి చూస్తూనే ఉన్నాడు.

"ఔ అన్నా," అంది నాగేంద్రమ్మ. "పడుగు మంచిదే."

కండెల గంప దించి ఇంటికి వచ్చేసింది.

దీపాలు పెట్టే వేళకు వసారాలో నీళ్ళ చప్పుడైంది. నాగప్ప చాలాసేపు కడుక్కున్నాడు. లోపలికి వచ్చి, అలవాటు చొప్పున ఖాళీ మగ్గం వైపు రెండడుగులు వేసి, ఆగి, తిరిగి రాట్నం దగ్గరికి వచ్చాడు. తడి చేతులు రెండూ ఆమె ముందు చాపి అరచేతులు చూపించాడు.

"సోడాతోని కడిగిన."

నాగేంద్రమ్మ ఆ చేతులవంక చూసింది. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

"నాకెందుకు చూపిస్తవు?" అంది. "ఈడ తెగెటందుకు ఏముంది?"

అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆమె కొత్త కండె ఎక్కించి రాట్నం తిప్పింది.